ఏమండీ అంటే నలుగురు పలికారు

నేను పుట్టుపిరికిని. బల్లి మీద పడితే కేకలు పెట్టేవాళ్ళు లోకంలో ఉంటారు. బల్లి ఇంకా గోడ మీద ఉండగానే, అది ఎప్పుడు పడుతుందో అని కేకలు పెట్టే రకం నాది. అలాంటి దాన్ని రాజమండ్రి చూపిస్తానని మావారు పడవ ఎక్కించారు. అప్పటికి నాకు పదహారేళ్ళు, ఆయనకు ఇరవై రెండు. నేను కాపరానికి వచ్చి రెండేళ్ళయింది. మా ఊరు కాలువ గట్టున ఉంది. కాలువ, వరిచేలు, గేదెలు, మా అత్తగారు, అంతే నాకు తెలిసిన లోకం. అంతకంటే చూడాలన్న కోరిక కూడా నాకు లేదు.

ఒక పొలం గట్టు తగాదాలో మావారు రాజమండ్రి కోర్టులో సాక్ష్యం చెప్పాల్సి వచ్చింది. నాలుగు రోజుల పని అన్నారు. "దాన్నీ తీసికెళ్ళరా, గోదారి స్నానం చేయిస్తే కడుపు పండుద్ది" అని మా అత్తగారే అన్నారు. బయలుదేరే ముందు నన్ను వంటింట్లోకి పిలిచి రెండు జాగ్రత్తలు చెప్పారు. వీధిలో నిలబడి ఏదీ తినకూడదు. ఎవరు ఎంత అడిగినా మొగుడి పేరు నోట రాకూడదు.

మొగుడి పేరు పలికితే ఆయన ఆయుష్షు తరిగిపోతుందని మా వైపు ఆడవాళ్ళ నమ్మకం. కొత్త కోడలు గడప దాటేటప్పుడు ఆడబడుచులు అడ్డం నిలబడి పేరు చెప్పిస్తారు, ఆ ఒక్కసారికీ దోషం లేదు. నేను ఆ ఒక్కసారీ చెప్పలేదు. పెళ్ళయిన కొత్త, అప్పుడు పదేళ్ళ పిల్లని. గుక్కపట్టి ఏడిస్తే విసిగిపోయి లోపలికి వదిలేశారు. మా వీధిలో ఒకావిడ మొగుణ్ణి పేరు పెట్టి పిలిచిందనీ, వారం తిరక్కుండా ఆయన్ని పాము కరిచిందనీ మా అత్తగారు చెప్పేవారు. ఆ పాము పేరు విని వచ్చిందో, ఎలకని తరుముకుంటూ వచ్చిందో ఆవిడ చెప్పలేదు, అడిగే ధైర్యం నాకు లేదు. ఎవరైనా ఆయన పేరు అడిగితే "ఏడుకొండలవాడి పేరండి" అనేదాన్ని. మా ఊళ్ళో దాంతో పని జరిగిపోయేది. మా ఊళ్ళో అందరికీ అందరూ తెలుసు మరి.

పడవను ఇద్దరు మనుషులు గట్టు వెంట నడుస్తూ తాడుతో లాగేవారు. అంత నెమ్మదిగా పోయే పడవలో కూడా నేను రెండు చేతులా బల్ల పట్టుకుని కూర్చున్నాను. ధవళేశ్వరం దగ్గర లాకులు వచ్చాయి. పడవని రెండు పెద్ద తలుపుల మధ్యకు తోసి వెనక తలుపు మూసేశారు. రెండు పక్కలా నాచు పట్టిన రాతిగోడలు. పైన చారెడు ఆకాశం. అడుగునుంచి నీళ్ళు సుళ్ళు తిరుగుతూ పొంగుతున్నాయి. బావిలో దింపి మూత పెట్టేశారనుకున్నాను. మావారి కండువా కొస గట్టిగా పట్టుకుని కళ్ళు మూసుకున్నాను. తెరిచేసరికి పడవ గట్టు ఎత్తుకు లేచి ఉంది, పడవలో వాళ్ళందరూ నన్ను చూసి నవ్వుతున్నారు.

అక్కడ దిగి ఆనకట్ట చూపించారు. ఎటు చూసినా నీళ్ళే. ఆ హోరులో ఆయన ఏదో చెబుతున్నారు, ఒక్క మాట వినపడలేదు. చేత్తో చూపిస్తూ ఉత్సాహంగా చెప్పుకుపోతున్నారు. మన పొలానికి వచ్చే నీళ్ళు ఇక్కడినుంచే బయలుదేరతాయని చెప్పారట. నాకు మాత్రం ఆ నీళ్ళన్నీ ఒక్కసారి గోడ దూకితే మా ఊరికి చేరడానికి ఎంతసేపు పడుతుందా అనే ఆలోచన. తిరిగి పడవెక్కి రాజమండ్రి పోతుంటే, గోదారి మధ్యలో రైలు వంతెనకి స్తంభాలు కడుతున్నారు. స్తంభానికో తల బలి ఇస్తే గాని వంతెన నిలబడదనీ, కొత్తగా ఊళ్ళోకి వచ్చినవాళ్ళని పట్టుకుపోతున్నారనీ పడవలో ఒక ముసలాయన చెప్పాడు. మావారు పకపకా నవ్వారు. "నీ తల వాళ్ళకెందుకే, అది నిలబడ్డానికే భయపడుద్ది" అన్నారు. నేను మాత్రం రేవులో దిగిన దగ్గరనుంచీ ముసుగు తీయలేదు.

మా బస ఒక పూటకూళ్ళ ఇంట్లో. ఇప్పటి పిల్లలకి హోటళ్ళే తెలుసు. అప్పట్లో ఊరుగాని ఊరు వెళ్ళినవాడికి అన్నం దొరికేది పూటకూళ్ళ ఇంట్లోనే. భర్త పోయిన ఒక పెద్దావిడ, బ్రాహ్మణులు, తన ఇంట్లోనే వండి పెట్టేవారు. అందరూ ఆవిణ్ణి మామ్మగారూ అనేవారు. గుమ్మంలోనే "ఏ ఊరు? ఏవిట్లు?" అని అడిగారు. ఊరూ కులమూ తెలిస్తే ఎక్కడ విస్తరి వేయాలో ఆవిడకి తెలిసిపోతుంది. పేరుతో ఆవిడకి పనిలేదు. వచ్చినవాళ్ళందరినీ అబ్బాయీ, అమ్మాయీ అనడమే. మా ఆయనకి వీధి అరుగు మీద వరసలో విస్తరి, నాకు పెరటి గదిలో. పనసపొట్టు కూర, ముక్కల పులుసు, గడ్డపెరుగు. ఒట్టు వేసి చెబుతున్నాను, అంత మంచి పనసపొట్టు కూర నేను మళ్ళీ తినలేదు. కాని ఆ రాత్రంతా, ఆవిడ చేతి కూర కంటే ఇదే బాగుందనుకున్నానని మా అత్తగారికి తెలిస్తే ఏమవుతుందో అని భయపడుతూనే ఉన్నాను.

రెండోరోజు సాయంత్రం కోర్టు పని అయ్యాక ఆయన నన్ను కోటిలింగాల రేవుకి తీసుకువెళ్ళారు. శివరాత్రి వెళ్ళి పది రోజులే అయింది. యాత్రికులు చాలామంది వెళ్ళిపోయినా అంగళ్ళు ఇంకా ఎత్తేయలేదు. గాజులు, పసుపు కుంకాలు, చెక్కబొమ్మలు. ఒకచోట లంకల్లో పండిన పుచ్చకాయలు గుట్టగా పోసి, కోసిన ముక్కలు అరిటాకు మీద పరిచి పెట్టారు. ఎర్రగా నిగనిగలాడుతున్నాయి. పెళ్ళయిన దగ్గరనుంచీ నేను నోరు తెరిచి ఏదీ అడిగి ఎరగను. ఆ పూట ఏం పుట్టిందో, "అది కావాలండి" అన్నాను. ఆయనకి ఎంత సంతోషమయిందో! రెండు ముక్కలు కొని ఒకటి నా చేతికిచ్చారు.

నోటిదాకా తీసుకెళ్ళాను. చుట్టూ చూస్తే అంతా జనం. వీధిలో నిలబడి తినకూడదన్న మాట గుర్తొచ్చింది. తల అడ్డంగా ఊపి ఆయనకే ఇచ్చేశాను. "నీ పిరికితనం తగలెయ్య" అని నవ్వి, రెండు ముక్కలూ ఆయనే తిన్నారు. చేతులు గోదాట్లో కడుక్కున్నారు. ఆ ముక్కల మీద ఈగలు వాలి ఉండడం నేను చూశాను. ఈగలు లేని తినుబండారం ఎక్కడుంటుందిలే అనుకున్నాను.

మూడోరోజు పొద్దున ఆయన సరిగా తినలేదు. కడుపు బరువుగా ఉందన్నారు. మధ్యాహ్నానికి వచ్చేస్తాననీ, వచ్చాక గుర్రబ్బండి ఎక్కించి ఊరంతా తిప్పుతాననీ చెప్పి వెళ్ళారు. నేను గుర్రానికి భయపడుతూ కూర్చున్నాను. మధ్యాహ్నం వరసలు వేశారు. వంటింటి గోడ అవతల భోజనాలు చేస్తున్నవాళ్ళ మాటలు నాకు వినపడుతున్నాయి. ఒకాయన అన్నాడు, "కోర్టు దారిలో ఒక కుర్రోడు కూలబడిపోయేడండి. ఒకటే వాంతులు. డోలీలో వేసుకుని పాకకి తీసికెళ్ళిపోయేరు. పల్లెటూరి మనిషి. ఎర్రంచు కండువా."

ఎర్రంచు కండువా గోదావరి జిల్లాలో ఎవరి భుజం మీద లేదు? కాని నాకు తెలిసిపోయింది. పాక అంటే ఏమిటో ఆ ఊరికి కొత్తయినా నాకు తెలుసు. శివరాత్రికి జనం చేరినప్పుడల్లా వాంతిభేది లేస్తుంది. వచ్చినవాళ్ళని ఊరి చివర తాటాకు పాకలోకి చేరుస్తారు. అందులోంచి నడిచి వచ్చినవాళ్ళ కంటే మోసుకుపోయినవాళ్ళే ఎక్కువ.

మామ్మగారు నా మొహం చూశారు. పొయ్యి మీది గిన్నె దించి, వడ్డన వంటమనిషికి అప్పగించి, నెత్తిన కొంగు కప్పుకున్నారు. "పద" అన్నారు. ఆ వయసులో, ఆ ఎండలో, వరసలు మధ్యలో వదిలేసి ఒక ముక్కూ మొహం తెలియని పిల్ల వెంట ఆవిడ నడిచారు. ఆ ఋణం నేను తీర్చుకోలేదు, తీర్చుకునేది కూడా కాదు.

పాక దగ్గర సున్నం వాసన, ఏదో ఘాటు మందు వాసన. బయట వేపచెట్టు కింద బల్ల వేసుకుని ఒక గుమాస్తా పుస్తకం పెట్టుకుని కూర్చున్నాడు. ఆడవాళ్ళని లోపలికి రానివ్వనన్నాడు. "మనిషెవరో చెప్పండి. లోపల ఉంటే వసారాలోకి తెప్పిస్తాను. దగ్గర కూర్చుని నోట్లో నీళ్ళు పోసుకోవచ్చు. దిక్కున్నవాణ్ణి ముందు చూస్తారండి, ఏం చెయ్యమంటారు, లోపల పనిచేసేవాళ్ళు ఇద్దరే" అన్నాడు. పొడుగ్గా ఉంటారని చెప్పాను. "అందరూ అలాగే ఉన్నారమ్మా. ఈ జబ్బొచ్చిన మొహాన్ని కన్నతల్లి కూడా ఆనవాలు పట్టలేదు. బట్టలు కాల్చేశాం. పేరు చెప్పండి."

"ఏడుకొండలవాడి పేరండి" అన్నాను.

అతను పుస్తకంలో వేలు పెట్టి వెతికాడు. వేలు ఒకచోట ఆగింది. "ఉన్నాడమ్మా. కొట్టేశాను. ఇందాకే పోయేడు. గోదారి ఇసకలోకి తీసికెళ్ళిపోయేరు" అన్నాడు.

ఆ తరవాత ఏం జరిగిందో నాకు ముక్కలు ముక్కలుగానే గుర్తుంది. దుమ్ములో కూర్చున్నాను. ఏడుపు రాలేదు. నేను అడిగిన పుచ్చకాయ, నేను తినకుండా ఆయనకిచ్చిన ముక్క, అదొక్కటే కళ్ళముందు. నేనే చంపేశాననుకున్నాను. అప్పుడు పైనుంచి మామ్మగారి గొంతు వినపడింది. "ఏవిటయ్యా కొట్టేశాను కొట్టేశాను అంటావు? ఆ దేవుడికి పేరొకటేనా? రాసుకున్న పేరేవిటో చదువు."

అతను చదివాడు. అది ఏడుకొండలవాడి పేరే. మావారి పేరు కాదు.

నేను నవ్వాను. గట్టిగా నవ్వాను. సిగ్గులేని మాటే అయినా దాచను. ఎక్కడో ఒక ఆడది ఇంకా పసుపు రాసుకుని ఎదురుచూస్తోందని తెలిసి కూడా, చచ్చింది దాని మొగుడే గాని నా మొగుడు కాదని నవ్వాను.

"నీ దాగుడుమూతలు చాలు గాని పేరు చెప్పవే అమ్మాయ్" అన్నారు మామ్మగారు. నేను నోటికి కొంగు అడ్డం పెట్టుకున్నాను. ఆవిడ నన్నొక చూపు చూసి, ఏడుకొండలవాడి పేర్లు అష్టోత్తరం చదివినట్టు మొదలుపెట్టారు. ఆరో పేరుకి తల ఊపాను. గుమాస్తా పుస్తకమంతా చూసి ఆ పేరు లేదన్నాడు. స్పృహలేకుండా వచ్చినవాళ్ళు పది మంది దాకా ఉన్నారట. వాళ్ళ పేర్లు ఎవరు చెబితే రాసుకుంటాడు? వాళ్ళని పాక చివర పడుకోబెట్టారు. అక్కడ ఉంటే ఉండాలి అన్నాడు.

మామ్మగారు పాక దడి దగ్గరికి వెళ్ళి మావారి పేరు పెట్టి పిలిచారు. అరుగు మీది వరసకి చివరిదాకా వినపడే గొంతు ఆవిడది. మూడుసార్లు పిలిచారు. లోపల మూలుగులు తప్ప ఏమీ లేదు. పొద్దుటినుంచీ ఎంతమంది పరాయి గొంతులు అక్కడ ఎన్ని పేర్లు పిలిచి ఉంటాయో.

"నువ్వు పిలువు. నీ గొంతయితే తెలుస్తుంది" అన్నారు.

తాటాకు దడికి మొహం ఆనించి "ఏమండీ" అన్నాను.

నలుగురు పలికారు. ఒకరు "ఆఁ" అన్నారు. ఒకరు "వచ్చేవా" అన్నారు. ఇంకొకరు ఏడ్చారు. నాలుగో ఆయన మంచినీళ్ళు అడిగాడు. అందులో ఏ గొంతూ మావారిది కాదు. గోదావరి జిల్లాలో ప్రతి ఆడదీ తన మొగుణ్ణి పిలిచేది ఆ మాటతోనే. లోపలున్న ప్రతి మనిషీ తన భార్యే వచ్చిందనుకున్నాడు. వాళ్ళకి నేనేం జవాబు చెప్పను? చెవులు మూసుకుని పాక వెనక్కి పరిగెత్తాను.

వెనకవైపు ఎవరూ లేరు. ఎండ మాడ్చేస్తోంది. దడికి అవతల ఆ పేరులేనివాళ్ళు ఉన్నారు. పిలవకపోతే పొద్దుగూకేలోగా ఎవరూ గుర్తుపట్టకుండానే ఆయన్ని ఇసకలోకి మోసుకుపోతారు. పిలిస్తే ఉన్న కాస్త ఆయుష్షూ నేనే తుంచేసినట్టవుతుంది. నా జన్మలో నేనంత భయపడలేదు. లాకులో భయపడ్డది, రేవులో భయపడ్డది, అవన్నీ భయాలే కావు. ఏడుకొండలవాడికి దణ్ణం పెట్టుకున్నాను. తగ్గించేదేదో నా ఆయుష్షులో తగ్గించుకో అని చెప్పుకున్నాను. కళ్ళు మూసుకుని ఆ పేరు పలికాను.

మొదటిసారి నాకే వినపడలేదు. ఎప్పుడూ పలకని మాట, నాలుక తిరగలేదు. రెండోసారి గట్టిగా అన్నాను. మూడోసారి అరిచాను. ఒట్టి పేరు. అండీ లేదు, గారూ లేదు. దూడని పిలిచినట్టు పిలిచాను.

దడికి అవతల, నా కాళ్ళ దగ్గరే, సన్నగా ఒక గొంతు వచ్చింది.

"వస్తన్నానమ్మా."

ఆయనే. ఆయన్ని ఆ పేరుతో ఒట్టిగా పిలిచిన ఆడమనిషి లోకంలో ఒక్కతే ఉంది, మా అత్తగారు. స్పృహలేని మనిషికి తల్లి పిలిచినట్టయింది.

వసారాలోకి తెచ్చారు. ఆ మొహం నేను కూడా ఆనవాలు పట్టలేకపోయేదాన్నే. కళ్ళు గుంటల్లోకి పోయాయి, వేళ్ళు నానిన గుడ్డలా ముడతలు పడ్డాయి. వాంతిభేదికి మంచినీళ్ళు పోయకూడదని కొందరన్నారు. మామ్మగారు వినలేదు. ఉప్పు వేసిన గంజి పూటపూటా పంపేవారు. ఉగ్గుగిన్నెతో చుక్క చుక్క పోశాను. ఆరు రోజులు ఆయన పక్కన కూర్చుని ఊపిరి లెక్కపెట్టాను. ఏడోరోజు నన్ను గుర్తుపట్టి, "ఏంటే ఇలా చిక్కిపోయేవు?" అన్నారు.

కాస్త కోలుకున్నాక ఆయన చెప్పిన మాట ఇది. "చీకట్లోకి పోతన్నానే. మా అమ్మ పిలిచింది. పేరు పెట్టి, కోపంగా పిలిచింది. వెనక్కి తిరిగేను."

నేను తల ఊపాను. ఊరికి వచ్చాక ఆ మాట మా అత్తగారికీ చెప్పారు. "కన్నపేగురా, ఆ వేళ నాకు గుండె దడదడలాడింది" అని ఆవిడ కళ్ళు తుడుచుకున్నారు. నిజంగా దడదడలాడిందో, విన్నాక దడదడలాడిందో ఆవిడకే తెలియాలి. తరవాత ముప్ఫై ఏళ్ళపాటు వచ్చిన ప్రతి చుట్టానికీ ఆ కథ చెప్పారు. నాకు ఒళ్ళు మండేది. ఆ ఎండలో దడి పట్టుకుని అరిచింది నేను. పేరు వచ్చింది ఆవిడకి. కాని నోరు విప్పితే మొగుడి పేరు పలికానని ఒప్పుకోవాలి. నిజం తెలిసిన మనిషి మామ్మగారొక్కరే. ఎవరికీ చెప్పనని ఆవిడ నాకు చేతిలో చెయ్యి వేసి మాటిచ్చారు.

ఆయనకి జలుబు చేసినా నాకు గుండె ఆగేది. వర్షంలో తడిసి వచ్చినా, కాలికి ముల్లు గుచ్చుకున్నా, ఇదిగో ఆ పిలుపు ఫలితం వచ్చేసిందనుకునేదాన్ని. ఊరందరూ నా పతిభక్తిని మెచ్చుకునేవారు. భక్తి కాదు, భయం. నలభై ఏళ్ళు అలా భయపడ్డాను.

ఆయన పోయిన రోజు మా ఇంట్లోనే, మా మంచం మీదే ఉన్నారు. వయసు అరవై దాటింది. మా అత్తగారు పోయి అప్పటికి చాలా ఏళ్ళయింది. పొద్దుటినుంచీ కళ్ళు తెరవలేదు. కొడుకులు నాన్నా అని పిలిచారు. కోడళ్ళు, మనవలు చుట్టూ నిలబడ్డారు. ఊపిరి ఒకటి వస్తే, రెండోది ఎప్పుడొస్తుందో అన్నట్టుంది. నేను చెవి దగ్గరికి వంగాను. ఆ పేరు నాలుక కొస మీద ఉంది. ఒకసారి పిలిస్తే వెనక్కి తిరిగిన మనిషి. ఇప్పుడు పిలిచినా తిరుగుతారేమో. తలెత్తి చూస్తే ఇంతమంది నా మొహంలోకి చూస్తున్నారు.

"ఏమండీ" అన్నాను. ఆయన పలకలేదు.